తుపాకీ చేతికిచ్చాక కూడా రాక్షసుడంటే భయం ఉండేలా ఆట నడపడం ఎలా

బల్ల చుట్టూ నలుగురైదుగురిని కూర్చోబెట్టి పాచికలతో ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆట నడిపే అలవాటు మీకుంటే, ఏదో ఒక ఆదివారం మీ ఆటగాళ్లలో ఒకరు "ఎంతకాలం ఈ కత్తులూ బాణాలూ, మా పాత్రలకు తుపాకులు ఇవ్వకూడదా?" అని అడగడం ఖాయం. విజయనగరంలో మా బృందం ఆ మాట అడిగిన రోజున నేను పెద్దగా ఆలోచించకుండానే ఒప్పుకుని, నాలుగు పాత్రలకూ నాలుగు ఆటోమేటిక్ రైఫిళ్లు ఇచ్చాను. మూడు వారాలుగా ఊరి పశువులను ఎత్తుకుపోతున్న ఓగర్ అనే భారీ రాకాసి ఉండే గుహలోకి వాళ్లు ఆ సాయంత్రమే అడుగు పెట్టారు. ఓగర్ లేచి, గద ఎత్తుకుని, వాళ్లను చేరేలోగానే, రెండో రౌండు (అందరికీ ఒక్కో వంతు వచ్చే చుట్టు) ముగియకముందే కుప్పకూలింది. గెలిచిన నలుగురిలో ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు.

తరువాతి వారం నేను చేసిన దిద్దుబాటు అంతకన్నా పెద్ద తప్పు. రైఫిల్ దెబ్బను విల్లు దెబ్బతో సమానంగా తగ్గించేశాను. మా బృందంలో డిగ్రీ చదువుతున్న కుర్రవాడొకడు రెండుసార్లు కాల్చి చూసి, "ఏటండి మాస్టారూ, ఇది తుపాకీయా, బాణమా?" అని అడిగాడు. అతను అడిగినదాంట్లో న్యాయం ఉంది. తుపాకీని తుపాకీగా ఇవ్వనప్పుడు ఇవ్వకపోవడమే మేలు. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి వేరు: తుపాకీ బలాన్ని ముట్టుకోను, తూటా అనేది శరీరంలో ఒక చిన్న రంధ్రం మాత్రమే చేయగలదు కాబట్టి, ఆ రంధ్రం ఏ రాక్షసుడిని ఎంత బాధిస్తుందో ముందుగా కూర్చుని తేల్చుకుంటాను. ఈ వ్యాసంలో ఆ పద్ధతిని మీకు వరుసగా చెబుతాను. లెక్కలన్నీ 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ అంకెలతో వేశాను. మీరు వేరే ఆట ఆడుతున్నా ఆలోచన మారదు.

మొదట మీరు తేల్చుకోవలసింది ఏ కాలపు తుపాకీ ఇస్తున్నారన్నది. మన ప్రాంతం వారికి ఈ తేడా వివరించడం సులభం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద జరిగిన యుద్ధంలో బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన విజయనగరం రాజుల పక్షాన ఫిరంగులతో దిగిందని మనందరికీ తెలిసిందే. ఆ కాలపు సిపాయి చేతిలోని మస్కెట్‌కు మందూ గుండూ గొట్టం మూతి నుంచే దట్టించాలి. బాగా తర్ఫీదు పొందినవాడు నిమిషానికి సుమారు మూడుసార్లు కాల్చగలిగేవాడు. ఆటలో ఒక రౌండు అంటే ఆరు సెకన్లు కాబట్టి, నిమిషానికి పది రౌండ్లు. అంటే నిజానికి మస్కెట్ మూడు రౌండ్లకొకసారి పేలుతుంది. అయితే ఆ సీసపు గుండు బరువు సుమారు 30 గ్రాములు, ఏకే-47 తూటా బరువు సుమారు 8 గ్రాములు. దగ్గర నుంచి తగిలితే పాత గుండు చేసే గాయం కొత్త తూటా గాయానికి ఏమాత్రం తీసిపోదు. ఆట పుస్తకంలో కూడా తేడా మరీ పెద్దది కాదు: మస్కెట్ దెబ్బ 1డీ12, అంటే పన్నెండు ముఖాల పాచిక ఒకటి, సగటున 6.5, ఆటోమేటిక్ రైఫిల్ దెబ్బ 2డీ8, అంటే ఎనిమిది ముఖాల పాచికలు రెండు, సగటున 9. కాబట్టి ఆధునిక తుపాకీ తెచ్చే అసలు మార్పు ఒక్కో దెబ్బ బలంలో కన్నా, రెండో తూటా ఎంత త్వరగా వస్తుంది, అది ఎంత దూరం గురి తప్పకుండా పోతుంది అనే రెండు విషయాల్లో ఎక్కువ. మీరు అదుపు చేయవలసింది కూడా ఆ రెండింటినే.

ఈ కారణం చేత ఆటోమేటిక్ రైఫిల్‌ను అందరికీ పంచిపెట్టవద్దని నా సలహా. మన పోలీసులు దశాబ్దాలపాటు మోసిన .303 రైఫిల్, అదే మనవాళ్లు త్రీ నాట్ త్రీ అని పిలిచేది, ఇలాంటి ఆటకు చక్కగా సరిపోతుంది. దాని మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. ప్రతి తూటాకూ బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఆట పట్టికలోని వేట రైఫిల్ అంకెలు, అంటే 2డీ10, సగటున 11, దానికి యథాతథంగా వాడుకోవచ్చు. పట్టికలో 5 తూటాలని ఉన్నచోట మాత్రం 10 అని దిద్దుకోండి. బృందం మొత్తానికి ఒక ఏకే ఉంటే చాలు. ఊరి మనుషుల చేతుల్లో నాటు తుపాకులు ఉంచండి. అప్పుడు ఒకే పోరులో మూడు కాలాల తుపాకులు పేలుతాయి, వాటి మధ్య తేడా మీరు చెప్పకుండానే ఆటగాళ్లకు తెలుస్తుంది.

రెండో పని నిజానికి ఒక పని చేయకుండా ఉండడం. దెబ్బ అంకెలను తగ్గించకండి. సామాన్య గ్రామస్థుడికి ఆటలో ఉండే హిట్ పాయింట్లు, అంటే పడిపోయేలోగా తట్టుకోగల దెబ్బల లెక్క, 4. రైఫిల్ సగటు దెబ్బ 11. మనిషి మీదికి మనిషి తుపాకీ ఎత్తినప్పుడు బల్ల దగ్గర అందరూ ఊపిరి బిగబట్టాలి. ఆ అంకెలు ఆ పని చేస్తున్నాయి, చేయనివ్వండి.

మూడో పనికి మీరు ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించాలి, ఎందుకంటే మిగిలినదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని, మీ కథలో రాబోయే ప్రతి రాక్షసుడి పేరు పక్కనా "దీని ప్రాణం ఎక్కడుంది?" అనే ప్రశ్నకు ఒకే వాక్యంలో జవాబు రాయండి. స్టీవ్ జాక్సన్ గేమ్స్ 1986లో తెచ్చిన గర్ప్స్ అనే ఆటలో ఈ ఆలోచనకు గట్టి నియమాలే ఉన్నాయి. నెత్తురూ అవయవాలూ పనిచేయని శరీరానికి మామూలు రైఫిల్ తూటా గాయం మూడో వంతే అవుతుంది. లోపలా బయటా ఒకే పదార్థంతో ఉన్న ముద్దకు ఐదో వంతు. పురుగుల గుంపులాగా చెదిరి ఉన్నదానికి తూటా ఎంత పెద్దదైనా ఒక్క పాయింటు మించి నష్టం జరగదు. నేను ఈ మూడింటినీ అరువు తెచ్చుకుని ఐదో ఎడిషన్‌కు అతికించుకున్నాను.

నెత్తురున్న జీవులతో మొదలుపెడదాం. గోబ్లిన్, ఓగర్, పులి, ఎలుగు, ఇవన్నీ తూటాకు పూర్తిగా లొంగుతాయి. కాని లొంగడానికీ వెంటనే పడిపోవడానికీ మధ్య కొంత సమయం ఉందన్న సంగతిని చాలామంది మరచిపోతారు. గుండె ఆగినా మెదడులో ఉన్న ప్రాణవాయువుతో పెద్ద జంతువు పది సెకన్ల వరకు పరుగెత్తగలదు. తలకో వెన్నెముకకో తగిలితే తప్ప ఉన్నచోట ఉన్నట్టు కూలదు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి ఎదురుపడిన మనిషిని అడిగి చూడండి. అది తుప్పలోంచి లేచిన క్షణానికీ మీద పడిన క్షణానికీ మధ్య కేక వేసేందుకు కూడా వ్యవధి లేదని చెబుతాడు. అంత దగ్గరలో మీ తూటా దాన్ని చంపినా, అది మిమ్మల్ని చేరుతుంది. అందుకని నా బల్ల దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను: నెత్తురున్న పెద్ద జంతువు హిట్ పాయింట్లు తూటా దెబ్బకు సున్నాకు చేరితే, ఆ దెబ్బ క్రిటికల్ (పాచిక మీద 20 పడి తగిలినది) అయితే తప్ప, దానికి ఆడేందుకు ఇంకొక్క వంతు మిగులుతుంది. ఆ వంతులో అది మీదికి దూకవచ్చు, పారిపోవచ్చు, పిల్లల దగ్గరికి పోవచ్చు. వంతు ముగిశాక పడిపోతుంది. ఈ ఒక్క నియమంతో మా ఓగర్ గుహ మళ్లీ ప్రాణం పోసుకుంది. నలుగురూ దూరం నుంచి కాల్చడం ఎందుకు అవసరమో, సందులోకి తొందరపడి చొరబడడం ఎందుకు ప్రమాదమో వాళ్లకు వాళ్లే గ్రహించారు.

ఎండిన శరీరాలు వేరే జాతి. అస్థిపంజరంలో తూటాకు దొరికేది పక్కటెముకల మధ్య ఖాళీయే. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌లో అస్థిపంజరానికి గద లాంటి మొద్దు ఆయుధం కాక మరేది తగిలినా దెబ్బలో 5 తగ్గించే నియమం ఉండేది. ఐదో ఎడిషన్‌లో దాన్ని తీసేసి, మొద్దు దెబ్బకు మాత్రం రెట్టింపు నష్టం ఉంచారు. తుపాకులున్న ఆటలో పాత నియమాన్ని వెనక్కి తెచ్చుకోవడమే మంచిదని నేను నమ్ముతున్నాను. రైఫిల్ మడమతో కొడితే పుర్రె పగిలి, అదే రైఫిల్‌తో కాలిస్తే తూటా ఆవలికి దూసుకుపోయే దృశ్యం ఆటగాళ్లకు ఒకసారి చూపించారంటే, వాళ్లు ఆ తరువాత ప్రతి రాక్షసుడి ముందూ ఆగి ఆలోచిస్తారు. నడిచే శవాలకు ఐదో ఎడిషన్‌లోనే చక్కని ఏర్పాటు ఉంది. శవానికి 22 హిట్ పాయింట్లు. డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్ 3 ఉన్న పాత్ర రైఫిల్ దెబ్బ సగటున 11కు 3 కలిపి 14 కాబట్టి రెండు తూటాలకు సున్నాకు వస్తుంది. అప్పుడు అది 5కు ఆ దెబ్బను కలిపినంత, అంటే 19కి తగ్గకుండా ఇరవై ముఖాల పాచిక వేయగలిగితే ఒక్క పాయింటుతో మళ్లీ నిలబడుతుంది. శవానికి 3 బోనస్ ఉంది కనుక పాచిక మీద 16 నుంచి 20 వరకు ఏది పడినా చాలు. నాలుగింట ఒకసారి చచ్చిన శవం లేచి కూర్చుంటుందన్నమాట. తూటాలు లెక్కపెట్టుకుంటున్న ఆటగాడికి ఈ నాలుగో వంతు చాలా పెద్దది.

రాతి బొమ్మలు, బంక ముద్దలు, మట్టి మనుషులు, వీటికి ఐదో వంతు లెక్క వాడుకోండి. పురుగుల గుంపు, నీడలు, పొగలాంటి పిశాచాలు, వీటి మీద తూటాకు ఒక్క పాయింటు. ఇక్కడ షాట్‌గన్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు: రవ్వలు విరజిమ్ముతాయి కాబట్టి గుంపు మీద రెండు పాయింట్లు ఒప్పుకుంటాను.

ఇంతవరకు శరీరం సంగతి. మన కథల బలం ఆపైన ఉంది. ఆయుధం చేత చావని శత్రువును ఊహించడంలో మన పెద్దలు ఏ ఆట పుస్తకానికీ తీసిపోరు. రక్తబీజుడి కథ గుర్తు తెచ్చుకోండి: నేల మీద పడిన ప్రతి నెత్తుటి బొట్టు నుంచీ మరో రాక్షసుడు పుడతాడు, చివరికి కాళి ఆ నెత్తురు నేల తాకకుండా తాగవలసి వచ్చింది. అలాంటి శత్రువు ముందు తుపాకీ కన్నా పనికిమాలిన ఆయుధం లేదు. ఆటలో ఆటోమేటిక్ రైఫిల్‌కు ఉన్న బర్స్ట్ నియమం ప్రకారం ఒకేసారి 10 తూటాలు ఖర్చుచేసి పది అడుగుల మేర జల్లు కురిపించవచ్చు. ఆ జల్లు కురిసిన చోట పది మంది లేస్తారు. నేను ఈ శత్రువును ప్రవేశపెట్టిన సాయంత్రం మొదటి జల్లు తరువాత బల్ల మీద మరో పది బొమ్మలు పేర్చాను. "ఏటండి మాస్టారూ, కాల్చిన కొద్దీ పెరుగుతున్నారేటి!" అన్నాడు ఏకే పట్టిన కుర్రవాడు, తుపాకీని పక్కన పెట్టాడు. ఆ తరువాతి అరగంటలో వాళ్లు వల, నిప్పు, బావి, కంబళి, ఊపిరి ఆడకుండా చేయడం, ఇలా నెత్తురు కారని మార్గాలన్నీ వెతికారు. తుపాకీని నేను ఒక్క అంకె కూడా తగ్గించలేదు.

జానపద కథల్లోని మాంత్రికుడి సంగతీ ఇంతే. ఏడు సముద్రాల అవతల, మర్రి తొర్రలో, పంజరంలోని చిలుకలో ప్రాణం దాచుకున్నవాడి గుండెల్లో మీరు పది తూటాలు దింపినా వాడు నవ్వుతూ నిలబడతాడు. కాని ఆ చిలుక దొరికిన రోజున ఒక్క తూటా చాలు. ఈ అమరికలో ఒక అందం ఉంది: వెతుకులాట అంతా కథదే, ఆఖరి క్షణం మాత్రం తుపాకీది. చిలుక రెండు వందల గజాల దూరంలో చెట్టు చిటారు కొమ్మన కూర్చుని ఉంటే, రైఫిల్ ఇచ్చినందుకు మీ ఆటగాళ్లు ఆ రోజు మీకు కృతజ్ఞతలు చెబుతారు.

తెచ్చిపెట్టుకున్న రాక్షసుల్లో తుపాకీతో ఆడడానికి ట్రోల్ బాగా పనికివస్తుంది. దానికి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవలసిన అంకె, 15, హిట్ పాయింట్లు 84. ప్రతి వంతు మొదట్లో 10 పాయింట్ల గాయం దానంతటదే మానిపోతుంది, నిప్పో ఆమ్లమో తగిలితే మాత్రం ఆ వంతుకు మానదు. మీ ఆటగాడికి గురి బోనస్ 5 ఉందనుకుందాం. ఇరవై ముఖాల పాచిక మీద 10 లేదా అంతకు పైన పడాలి, అంటే నూటికి 55 సార్లు తగులుతుంది. సగటు దెబ్బ 14 చొప్పున, క్రిటికల్ లాభం కూడా కలుపుకుంటే, ఒక రౌండుకు సుమారు 8 పాయింట్లు. మానేది 10. కాబట్టి రైఫిల్ పట్టుకుని ఒంటరిగా నిలబడినవాడు సాయంత్రం దాకా కాల్చినా సగటు లెక్కలో ట్రోల్‌ను చంపలేడు. నలుగురు కలిసి కాలిస్తే సుమారు నాలుగు రౌండ్లలో, పదహారు తూటాలకు అది పడుతుంది, కాని నిప్పు పెట్టేవాడు లేకపోతే మరుసటి వంతులోనే పది పాయింట్లతో లేస్తుంది. ఒక కిరోసిన్ సీసా, ఒక అగ్గిపెట్టె, వాటిని పట్టుకుని పడిపోయిన ట్రోల్ దగ్గరికి పరుగెత్తే ధైర్యం ఉన్న ఒక మనిషి, ఈ మూడూ ఉంటేనే తుపాకులకు విలువ.

తోడేలు మనిషికి మాయలేని ఆయుధాల్లో వెండిదే తగులుతుంది. పది తూటాలకు వెండి పూయించడానికి ఆటలో 100 బంగారు నాణేల ఖర్చు. నేను దీన్ని ఇంకొంచెం కష్టం చేస్తాను. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, పొయ్యి మీద కూడా కరిగించవచ్చు. వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి, దానికి కంసాలి కొలిమి, మూస తప్పనిసరి. కాబట్టి ఊరి కంసాలి రోజుకు ఐదు తూటాలకు మించి సిద్ధం చేయలేడని పెట్టుకున్నాను. పున్నమికి ఇంకా రెండు రోజులే ఉన్నాయన్న మాట అప్పుడు బరువెక్కుతుంది.

నాలుగో పని తూటాల లెక్క, దీన్ని కాగితం మీద వదిలేయకండి. కాగితం మీద అంకెను దిద్దేవాడికి తూటా విలువ తెలియదు. మా దగ్గర ప్రతి ఆటగాడి ముందూ ఒక చిన్న స్టీలు గిన్నె ఉంటుంది, దానిలో కడిగి ఎండబెట్టిన చింతపిక్కలు ఉంటాయి. .303 పట్టినవాడి గిన్నెలో పది, పక్కనున్న గుడ్డ సంచిలో మరో ముప్పై. కాల్చిన ప్రతిసారీ ఒక పిక్క తీసి బల్ల మధ్యనున్న పళ్లెంలో వేయాలి. మొదటి పిక్కలు పడుతున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. గిన్నెలో రెండో మూడో మిగిలాక మాత్రం చెయ్యి గిన్నె అడుగును తడుముతున్న చప్పుడు గదంతా వినిపిస్తుంది, పక్కవాడు తన గిన్నెలోకి తొంగి చూసుకుంటాడు, ఎవరో ఒకరు "ఆగరా, దగ్గరికి రానీ" అంటారు. నేను ఎంత వర్ణించినా ఆ నిశ్శబ్దం తేలేను. ఏకే పట్టినవాడు జల్లు కురిపించినప్పుడు పది పిక్కలు గుప్పెటతో తీసి పళ్లెంలో పోయాలి. ముప్పై పిక్కలకు మూడు గుప్పిళ్లు, అంతే. గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపడానికి పుస్తకం ప్రకారం యాక్షన్ (వంతులో చేసే ప్రధాన పని) గాని బోనస్ యాక్షన్ (దానితోపాటు చేయగల చిన్న పని) గాని సరిపోతుంది. నేను బోనస్ యాక్షన్‌ను ఒప్పుకోను. పూర్తి యాక్షన్ పోవాలి, ఆ రౌండంతా అతన్ని మిగిలినవాళ్లు కాపాడుకోవాలి.

ఊరికి మొత్తం ఎన్ని తూటాలున్నాయో కథ మొదలుకాకముందే లెక్కించి, ఒక డబ్బాలో పిక్కలు పోసి పెట్టండి. కొత్తవి ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్నాళ్లకు వస్తాయి, ఎవరు మోసుకొస్తారు అన్నవి మీకు తెలిసి ఉండాలి. ఫాంటసీ లోకంలో విల్లుకాడు బాణాలు ఏరుకోగలడు, చెట్టు కొట్టి చేసుకోగలడు. తూటా ఒకసారి పోతే పోయినట్టే.

ఐదో పని చప్పుడు. దీనికి మేము ఆడిన కథనే ఉదాహరణగా చెబుతాను. వంశధార దక్షిణపు ఒడ్డున సాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. ఆ కొండను రాత్రిపూట ఊహించుకుని, ఇటుక గోడల మధ్య నడిచే శవాలను ఉంచాను. నలుగురు ఆటగాళ్లు కింద నది ఒడ్డు నుంచి ఎక్కాలి. రైఫిల్ పేలుడు గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది, కిలోమీటరు దూరానికి మూడు సెకన్లలో, అంటే సగం రౌండులో చేరుతుంది. ఈ లెక్కతో ఆరుబయట తుపాకీ పేలిన ప్రతి రౌండు చివరా నేను ఆరు ముఖాల పాచిక వేస్తాను. 1 పడితే కిలోమీటరు లోపలున్న మరొకటేదో మేలుకుని బయలుదేరుతుంది. నిశ్శబ్దంగా కత్తితో చేయగలిగిన పనిని తూటాతో చేసినందుకు అది మూల్యం. మూసి ఉన్న గుహలోనైతే చెవులు గింగురుమంటాయి. అక్కడ ఎవరైనా కాల్చాక ఒక రౌండు పాటు బల్ల చుట్టూ ఉన్న మనుషులు కూడా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, సైగలు మాత్రమే చేసుకోవాలి. ఈ నియమం పెట్టిన రోజున మా వాళ్లు పాచికల కన్నా ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువగా చూసుకున్నారు.

తెలివైన జంతువు చప్పుడుకు ఎప్పటికీ బెదురుతుందని కూడా అనుకోవద్దు. ఒడిశా వైపు నుంచి దిగి వచ్చే ఏనుగులను తరమడానికి మన మన్యం పల్లెల వాళ్లు టపాసులు పేల్చేవారు. ఏనుగులు కొన్నాళ్లకు ఆ చప్పుడుకు అలవాటు పడిపోతాయి. మీ రాక్షసుడికీ ఆ అవకాశం ఇవ్వండి: మొదటి పోరులో పేలుడు విని వెనుదిరిగినది, మూడో పోరులో ఆ చప్పుడు వినబడిన వైపే నడిచి రావాలి.

దూరం గురించి ఒక దిద్దుబాటు అవసరం. పుస్తకంలో వేట రైఫిల్‌కు 80 అడుగులు, కష్టం మీద 240. పొడవాటి విల్లుకేమో 150, కష్టం మీద 600. విల్లు రైఫిల్ కన్నా దూరం పోతుందని తుపాకీ ఎన్నడూ చూడనివాడు కూడా నమ్మడు. చీకటి గుహల్లో ఇది అడ్డురాదు గాని, ఆరుబయట పోరులో రైఫిల్ దూరాన్ని 300 మీటర్లకు, అంటే సుమారు 980 అడుగులకు పెంచండి. ఆట పాడవుతుందని భయపడనక్కరలేదు, డ్రాగన్‌తో లెక్క చూడండి. పెద్ద ఎర్ర డ్రాగన్‌కు ఆర్మర్ క్లాస్ 19, హిట్ పాయింట్లు 256. పూర్తి వేగంతో ఎగిరితే రౌండుకు 160 అడుగులు వస్తుంది, ఆ దూరాన్ని సుమారు ఆరు రౌండ్లలో దాటుతుంది. నలుగురూ ఒక్క రౌండు కూడా పోగొట్టుకోకుండా కాల్చినా సగటున 130 పాయింట్ల నష్టం, దాని ప్రాణంలో సుమారు సగం. ఇరవై నాలుగు పిక్కలు పళ్లెంలో పడతాయి. ఆ తరువాత అది మీ నెత్తిన ఉంటుంది, దాని నోటి మంట సగటు దెబ్బ 63. కాబట్టి దూరం పెంచినా డ్రాగన్ డ్రాగన్‌గానే మిగిలింది. ఆటగాళ్లకు మాత్రం అది పెద్దదవుతూ వస్తుండగా కాల్చే ఆ ఆరు రౌండ్లు దక్కాయి.

చివరిగా, ఆట రోజుకు రెండు రోజుల ముందు మీరొక్కరే కూర్చుని, నాలుగు పాత్రల తరఫునా మీరే పాచికలు వేస్తూ ఒక పోరు పూర్తిగా ఆడి చూడండి. మూడు రౌండ్లు తిరగకముందే రాక్షసుడు పడిపోతే దాని హిట్ పాయింట్లు పెంచకండి. నోటుపుస్తకం తెరిచి, దాని ప్రాణం ఎక్కడుందని రాశారో ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి, సాధారణంగా లోపం అక్కడే ఉంటుంది. పోరు పది రౌండ్లు దాటి ఎటూ తేలకుండా సాగితే, ఆ రాక్షసుడి బలహీనత గురించి ఊరిలో ఒక ముసలమ్మ చేతనో, గోడ మీది బొమ్మ చేతనో ఆటగాళ్లకు ముందే చెప్పించండి. పోరు ముగిశాక ఎన్ని పిక్కలు మిగిలాయో లెక్కించండి. నలుగురికీ కలిపి పది లోపు మిగిలితే ఆదివారానికి డబ్బా సరిగ్గా ఉన్నట్టే. ఇరవై దాటి మిగిలితే, ఆటగాళ్లు రాకముందే అందులోంచి ఒక గుప్పెడు తీసి వంటింట్లో పెట్టేయండి.